పొగ చూసి నొక్కండి

ఆయన పోయారని చెప్పడానికి కాదు వాళ్ళావిడ నాకు ఫోన్ చేసింది. బీరువాలో తుపాకీ ఉంది, దాన్నేం చెయ్యాలో అడగడానికి చేసింది. "మీ మాస్టారు మొన్న ఎల్లిపోనారమ్మా. అదేదో ఠాణాలో జమ సెయ్యాలట కదా, పక్కోళ్ళు అంటన్నారు. నాకేటి తెలుసు దాని సంగతి," అంది. ఏడవడం అయిపోయిన గొంతు. నేనప్పుడు భవానీపూర్‌లో మెట్రో మెట్లు దిగుతున్నాను. అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. వెనక వస్తున్నవాళ్ళు విసుక్కుంటూ పక్కనుంచి వెళ్ళారు.

జమ చెయ్యాల్సింది నేనే. లిలువాలో మా తెలుగువాళ్ళ సంఘానికి కార్యదర్శిని కదా. బ్యాంకు ఉద్యోగం మీద ఈ బెంగాలీ ఊరు వచ్చిన కొత్తలో ఒక ఆదివారం మొహమాటానికి మీటింగుకి వెళ్తే, ఎవరికీ అక్కర్లేని ఆ పదవిని నా మెడకి చుట్టారు. అప్పటినుంచీ ఆదివారం పూట గంగ దాటి లిలువా వెళ్ళడమూ, మోకాళ్ళు పట్టుకుని తిరిగి రావడమూ నా రాతైపోయింది. ఇల్లు భవానీపూర్‌లో, పనులు గంగకి అవతల. ఇందులో సగం పాపం ఆ పెద్దమనిషిదే.

పేరుకి ఆయన రైల్వే వర్క్‌షాపులో చార్జ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న కాలంలోనే వచ్చేశారు. పిల్లలందరూ ఆయన్ని పొగ మాస్టారు అనేవారు. పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. ఏటా చలికాలంలో వర్క్‌షాపు పక్క మైదానంలో మా సంఘం జరిపే ఆటల పోటీల్లో పరుగు పందేలు మొదలుపెట్టేది ఆయన. దానికొక పాత రివాల్వర్ ఉండేది. ఏ కాలంలోనో ఒక దొర ఆటల క్లబ్బుకి వదిలిపోయాడట. క్లబ్బు పోయింది, సంఘం మిగిలింది. లైసెన్సు సంఘం పేరున, దాన్ని చేత్తో పట్టుకునే హక్కు మాత్రం ఆయన పేరున. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని వాళ్ళావిడ పాత నేతచీరలో చుట్టి ఠాణాలో జమ చేసేవారు. ఎన్నికలైపోగానే వెళ్ళి తెచ్చుకునేవారు. పుట్టింటికి వెళ్ళిన మనిషిని తెచ్చుకున్నంత సంబరంగా ఉండేది ఆయనకి.

ఆ రివాల్వర్‌లో గుండు ఉండదు. తూటాలో మందు మాత్రమే. అదీ ఇప్పటి మందు కాదు, పాతకాలపు నల్లటి తుపాకిమందు. పేలిస్తే పెద్ద చప్పుడూ, దానితో పాటే గుప్పున తెల్లటి పొగ. ఆ పొగ కోసమే ఆయన అన్నేళ్ళు అంత యాతన పడ్డారు.

నన్ను టైమ్‌కీపర్ని చేసిన రోజున స్టాప్‌వాచీ చేతిలో పెట్టి, పరుగు ముగిసే గీత దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, అటు దూరంగా మొదలయ్యే చోటు చూపించారు. "పొగ సూసి నొక్కండి బ్యాంకమ్మగారూ. సప్పుడు ఇని నొక్కకండి," అన్నారు. ఎందుకని అడిగాను. "సప్పుడు నడిసొస్తాది. పొగ నడవక్కర్లేదు, కనపడతాది," అన్నారు. వంద మీటర్ల అవతలనుంచి చప్పుడు మన చెవిని చేరేలోగా పిల్లలు అప్పటికే కదిలిపోతారు. విని నొక్కితే ఆ రెప్పపాటు కాలం లెక్కలోకి రాదు, పరిగెత్తినదానికంటే వేగంగా పరిగెత్తినట్టు కనిపిస్తుంది. ఇంతే సంగతి. ఈ మాత్రం దానికి ఇంత హంగామా ఎందుకని నేను మనసులో అనుకున్నాను. ఆ మాట నా మొహం మీద కనబడినట్టుంది. మళ్ళీ మొదటినుంచీ చెప్పారు.

చలికాలం పొద్దున్నే మైదానమంతా మంచు. తెల్లటి మంచులో తెల్లటి పొగ కనబడదు. అందుకని ఆయన ఒక నల్ల గొడుగుని విప్పి వెదురుకర్రకి కట్టి తన వెనక పాతించేవారు. ఆ నల్లటి గుడ్డ ముందు పొగ లేస్తే వంద మీటర్ల నుంచి కూడా స్పష్టంగా తెలిసేది. స్టూలు మీద నిలబడి, కోతిటోపీ తీసి జేబులో దూర్చి, చెయ్యి పైకెత్తి "మీమీ జాగాల్లో… సిద్ధం…" అనేవారు. ఆ తరవాత ఆయన చేసే ఆలస్యం చూసి పిల్లలు తిట్టుకునేవారు. అందరూ రాళ్ళలా కదలకుండా ఉన్నారని ఆయనకి నమ్మకం కుదిరేదాకా పేల్చేవారు కాదు.

ఈ పొగ పిచ్చి ఆయన్ని మైదానం దాటాక కూడా వదల్లేదు. ఎవరేం చెప్పినా "సూసేవా, ఇన్నావా?" అని అడిగేవారు. ఫలానా వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట అంటే ఇదే ప్రశ్న. ఫలానావాళ్ళు విడిపోయారట అన్నా ఇదే. విన్నానని చెప్తే ఇంక ఆ సంగతి ఆయనకి అక్కర్లేదు, టీ తాగేవారు. దానివల్ల మా సంఘంలో ఆయన ముందు చాడీలు చెప్పేవాళ్ళు తగ్గిపోయారు. వాళ్ళావిడ మాత్రం, ఆయనతో కాపురం చేస్తే పొరుగింటి కబురు ఒక్కటీ ఇంట్లోకి రాదు, ప్రాణం విసిగిపోతుంది అని నాతో వాపోయేది.

దుర్గాపూజ వెళ్ళిందంటే చాలు, నాకు గుండెల్లో రాయి పడేది. ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చేస్తుంది. "బ్యాంకమ్మగారూ, తిరుగుడు మొదలెడదుమా?" తూటాలు కొనాలంటే సంఘం తరఫున ఒకరు సంతకానికి ఉండాలని ఆయన పట్టు. ధర్మతలా వైపు తుపాకుల దుకాణాలన్నీ ఇద్దరం కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళం. గోడల మీద దుమ్ము పట్టిన దుప్పి తలలు, సగం ఖాళీ అయిన అద్దాల బీరువాలు, పేపరు చదువుకుంటూ కూర్చున్న ముసలి యజమానులు. ఆయన జేబులోంచి ఒక ఖాళీ ఇత్తడి గొట్టం తీసి అద్దం మీద నిలబెట్టేవారు. అలాంటి కొలత తూటాలు చెయ్యడం ఎప్పుడో మానేశారు. అది చూడగానే వాళ్ళు తల అడ్డంగా ఊపేసి, "హోబే నా దాదా", కుదరదన్నా, అని టీ తెప్పించేవారు. టీకి ఎక్కడా లోటు రాలేదు.

ఒక దుకాణంలో వెనక గదిలో ఒక మిస్త్రీ ఉండేవాడు. లైసెన్సున్న మనిషి. ఏడాదికోసారి ఈయన కోసం కాసిని తూటాలు విడిగా చేసిపెట్టేవాడు. ఆ మిస్త్రీ పోయాక దుకాణమే ఎత్తేశారు. ఇప్పుడక్కడ సూట్‌కేసులు అమ్ముతున్నారు. అప్పటినుంచీ మా బాధలు మొదలయ్యాయి. ఒకాయన ఇప్పటి తూటాలు చూపించి, ఇవి మీదాంట్లో పడతాయి, తీసుకోండన్నాడు. లోపలికి పడతాయి గాని ఆ ముసలి ఇనుము ఓర్చుకోలేదు, నా చెయ్యి పోతుంది, అయినా వీటికి పొగ రాదు అన్నారు మాస్టారు బెంగాలీలో, మూడో కారణమే అన్నిటికంటే పెద్దదన్నట్టు. ఇంకొకాయన బొమ్మ పిస్తోలు లాంటిది తెచ్చి పేల్చి చూపించాడు. దాని పొగ బీడీ పొగకంటే పలచన. మెటియాబ్రుజ్‌లో తెలిసిన దర్జీ ఒకడు, కాగితాలూ అవీ అక్కర్లేదు, చేసిచ్చేవాళ్ళున్నారు, మాట్లాడమంటారా అన్నాడు. మాస్టారు లేచి బయటికొచ్చేశారు. బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ, "దొంగతనంగా తెచ్చిన మందుతో ఎవురి టైము నిజమని రాస్తాం?" అన్నారు.

ఒకసారి విసుగెత్తి అడిగేశాను. తెల్ల రుమాలు ఊపితే సరిపోదా మాస్టారూ, అది కూడా కనపడుతుంది కదా అని. ఆయన నా మీద జాలిపడ్డారు. "సెయ్యి ఊపేది ఒకటి, నోటితో అరిసేది ఒకటి. రెండూ ఒక్కపాలి అవ్వవమ్మా. తుపాకీలో సప్పుడూ పొగా ఒక్క కడుపునే పుడతాయి. ఆళ్ళు ఇనేదీ మీరు సూసేదీ ఒకటే అవ్వాల కదేటి." నాకు వాదించే ఓపిక లేదు, కాళ్ళు పీకుతున్నాయి.

ఒక ఏడాది ఏం చేసినా తూటాలు దొరకలేదు. మా అధ్యక్షుడు సంఘం డబ్బుతో ఒక స్పీకరు తెచ్చి, ఫోనులోంచి తుపాకీ చప్పుడు వినిపించే ఏర్పాటు చేశాడు. మాస్టారు గొడుగు కట్టలేదు గాని, అలవాటు కొద్దీ స్టూలు మీద నిలబడి చెయ్యి పైకెత్తి పిల్లల్ని సిద్ధం చేశారు. మొట్టమొదట ఆడపిల్లల వంద మీటర్లు. అందులో దుర్గ ఉంది. మెటియాబ్రుజ్ దగ్గర బస్తీలో ఉంటుంది ఆ పిల్ల. వాళ్ళ నాన్న పురపాలకంలో కాలవలు శుభ్రం చేసే పని చేస్తాడు. మా పోటీల్లో మంచి టైము వస్తే జిల్లా సెలక్షన్‌కి పిలుస్తారు, అక్కడ పేరు తెచ్చుకుంటే ఆటల కోటాలో ఉద్యోగం వస్తుంది. ఆ ఇంట్లో అందరూ ఆ పిల్ల కాళ్ళ మీదే ఆశ పెట్టుకున్నారు.

స్పీకరు మోగింది. గీత దగ్గర కూర్చున్న మేం ముగ్గురం టైమ్‌కీపర్లం ఏళ్ళ తరబడి ఆయన చేతికింద నలిగినవాళ్ళం. ఎత్తిన ఆయన చేతివైపే చూస్తూ కూర్చున్నాం, పొగ కోసం. పొగ ఎక్కడిది? పిల్లలు నాలుగడుగులు వేసేశాక ఎవరో అయ్యో అన్నారు, ముగ్గురం ఒక్కసారే నొక్కాం. దుర్గ మొదటొచ్చింది. మూడు గడియారాలూ ఇంచుమించు ఒకే లెక్క చూపించాయి. అంత గొప్ప టైము మా మైదానంలో ఎన్నడూ రాలేదు. అధ్యక్షుడు ఆనందంతో మైకు అందుకున్నాడు. మాస్టారు అంత దూరం నుంచీ నడిచి వచ్చి, "మీరు పొగ కోసం సూసేరు," అన్నారు. మళ్ళీ పరిగెత్తించమని అడిగారు. ముఖ్య అతిథికి వేరే పని ఉంది, పిల్లలు అలిసిపోయారు, మూడు గడియారాలూ ఒకే మాట చెప్తుంటే ఇంకేం కావాలి అన్నాడు అధ్యక్షుడు. ఆ లెక్కే జిల్లాకి వెళ్ళింది.

జిల్లా సెలక్షన్లో మెషీన్లు పెట్టారు. దుర్గ బాగానే పరిగెత్తింది గాని, మేం పంపిన లెక్కకీ అక్కడ వచ్చిన దానికీ ఎక్కడా పొంతన లేదు. అక్కడి అధికారి రెండు అంకెలూ అందరి ముందూ చదివి, మీ తెలుగువాళ్ళు పంచాంగం చూసి టైము రాస్తారా అని నవ్వాడట. పక్కనున్న పిల్లలూ నవ్వారట. ఈ సంగతి వాళ్ళ నాన్న వచ్చి మాస్టారుకి చెప్పి వెళ్ళాడు. ఎవరినీ నిందించలేదు. ఆ పిల్లకి వయసు ప్రకారం ఇంకొక్క ఏడాదే మిగిలిందని మాత్రం అన్నాడు.

ఆ తరవాతి తిరుగుడు నేను జన్మలో మరిచిపోలేను. పూజ దాకా కూడా ఆగలేదు, వానల్లోనే మొదలుపెట్టారు. మోకాలిలోతు నీళ్ళలో చెప్పులు చేత్తో పట్టుకుని, ఇత్తడి గొట్టం జేబులో వేసుకుని ఆయన ముందు, తిట్టుకుంటూ నేను వెనక. ఆయన బాగా తగ్గిపోయారు. రెండు దుకాణాలు తిరిగేసరికి ఎక్కడో అక్కడ కూర్చోవలసి వచ్చేది. ఇంక వద్దు మాస్టారూ, మానేద్దాం అని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. దుర్గ మొహం గుర్తొచ్చి మింగేసేదాన్ని.

చివరికి మాకు సాయపడింది సినిమావాళ్ళు. టాలీగంజ్‌లో ఎవరో దొరల కాలం కథ తీస్తున్నారు. హీరో చేతిలో పాత రివాల్వర్, తెర మీద బాగా పొగ కనబడాలి. అన్ని అనుమతులూ ఉన్న ఒక దుకాణదారు వాళ్ళకోసం తూటాలు ప్రత్యేకంగా చేయిస్తున్నాడు, కొలత కూడా మాదే. మాకూ కాసిని కలిపి చెయ్యమని సంఘం లెటరుహెడ్డు మీద రాసిచ్చి బతిమాలాం. నటించడానికి చేసిన పొగతో నిజం టైము పట్టబోతున్నామని నేను వేళాకోళమాడితే మాస్టారు నవ్వలేదు. తూటాలున్న డబ్బాని రెండు చేతులా పట్టుకుని, బస్సు దిగేదాకా కిందికి దించలేదు.

ఆ చలికాలం ఆడపిల్లల వంద మీటర్లకి గొడుగు మళ్ళీ లేచింది. మొదటి తూటా పేలలేదు, టిక్కుమంది. పిల్లల్ని లేపి, కాళ్ళు విదిలించుకోమని చెప్పి, మళ్ళీ కూర్చోబెట్టారు. ఈసారి నల్ల గొడుగు ముందు తెల్లగా గుప్పుమంది. ముగ్గురం చూసి నొక్కాం. చప్పుడు తరవాత వచ్చింది. దుర్గే మొదటొచ్చింది. ఆ పిల్ల అంత బాగా పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

గడియారాలు చూసుకున్నాం. జిల్లావాళ్ళు పెట్టిన అర్హత టైముకంటే వెంట్రుకవాసి ఎక్కువ పట్టింది.

అధ్యక్షుడు మమ్మల్ని ఒక పక్కకి తీసుకెళ్ళాడు. ఆయన మాట్లాడినదాంట్లో అన్యాయం ఏమీ లేదు, అదే బాధ. మిగతా క్లబ్బులన్నీ చప్పుడు విని నొక్కుతున్నాయి, జిల్లావాళ్ళ అర్హత టైము కూడా ఆ లెక్కలు చూసి పెట్టినదే, మనం ఒక్కళ్ళం పొగ చూసి నొక్కి మన పిల్లనే వెనక్కి నెట్టుకుంటున్నాం, చప్పుడు విని నొక్కితే ఎంత వచ్చేదో అంతే రాద్దాం, మోసం కాదు కదా అన్నాడు. నాకు సబబుగానే తోచింది. అందరం మాస్టారువైపు చూశాం. ఆయన గడ్డిలో కూర్చుండిపోయారు. "తెలుసు బాబూ," అన్నారు. నా చేతిలో గడియారం మరొక్కసారి చదవమన్నారు, చదివాను. దూరంగా దుర్గ బూట్లు విప్పుకుంటోంది. ఆ పిల్లని చాలాసేపు చూశారు. "పొగ సూసి నొక్కిందే రాయండి," అన్నారు.

రాశాం. జిల్లానుంచి పిలుపు రాలేదు. ఆ రోజు నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మీకు ఆ పిల్లకంటే పొగే ఎక్కువ మాస్టారూ అని మొహం మీదే అనేశాను. ఆయన కోతిటోపీ పెట్టుకుని, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత తిరుగుడుకి పిలవలేదు. నేనూ అడగలేదు, నిజం చెప్పొద్దూ, కాస్త ఊపిరి పీల్చుకున్నాను. ఇప్పుడు ఆయన ఫోన్ ఇంక రాదంటే ప్రాణం ఉసూరుమంటోంది.

రివాల్వర్ని ఠాణాలో జమ చేసి వచ్చాను. పన్నెండో రోజు భోజనాలకి లిలువా వెళ్ళాను. వడ్డన సగంలో ఉండగా దుర్గ వచ్చింది. మెటియాబ్రుజ్‌లో జీన్సు కుట్టే కార్ఖానాలో పనిచేస్తోందట, నేరుగా అక్కడినుంచే వచ్చింది, బట్టలనిండా నీలం దారప్పోగులు. మాస్టారు భార్య ఆ పిల్లని చూడగానే విస్తరి ముందునుంచి లేచి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఆ రోజునుంచీ మీ తాత కంచం ముందు కూకున్నప్పుడల్లా నీ మాటేనే తల్లీ. ఆ పిల్ల కూడు నా సేత్తో తీసేసినాను అనీవోడు. సగం తిని లేసిపోయీవోడు. ఆయన తప్పు కాయి," అంది. అందరూ తినడం ఆపేశారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన్ని రాయి అనుకున్నాను ఇన్నాళ్ళూ.

దుర్గ ఏమీ అర్థం కానట్టు ఆవిడ మొహంలోకి చూసింది. తరవాత మెల్లగా ఆవిడ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"అదేటి మామ్మా, తాత తప్పేటుంది? నానే ఇంకొంచెం బేగి పరిగెట్టాల్సింది."